మొక్కజొన్నకు జియోలైట్ గుళికలు: బస్తా చెప్పేదొకటి, లెక్క చెప్పేదొకటి

యూరియా ఖర్చు తగ్గుతుందని మొక్కజొన్న సీజన్‌లో అమ్మే జియోలైట్ గుళికలకు ఐదుకు రెండు మార్కులు. ఆ రెండూ జియోలైట్ అనే ఆ రాయికి. ఎకరాకు 20 కిలోల బస్తా ఒకటి చాలన్న మోతాదుకు మాత్రం సున్నా.

జియోలైట్ వట్టి మాయ కాదు. పొలాలకు పనికొచ్చే క్లినాప్టిలోలైట్ రకం అగ్నిపర్వత బూడిద నుంచి పుట్టిన ఖనిజం. లోపలంతా సన్నటి గదులుంటాయి, అమ్మోనియం అందులో చిక్కుకుంటుంది. రొయ్యల చెరువుల్లో అమ్మోనియా తగ్గుతుందని చల్లేదీ జియోలైటే (ఉప్పు నీళ్లలో సోడియం అడ్డుపడి అక్కడ సరిగా పట్టదు, అది వేరే గొడవ). పొలంలో వేసిన యూరియా నాలుగైదు రోజుల్లో అమ్మోనియంగా మారుతుంది. దాన్ని పట్టి ఉంచితే నైట్రేటుగా మారి వాన నీటితో కిందికి దిగిపోవడం తగ్గుతుంది. నైట్రేటును, భాస్వరాన్ని మాత్రం ఈ రాయి పట్టదు. డీఏపీ కూడా తగ్గించమని చెప్తే వినకండి.

ఇక మోతాదు. మంచి సరుకు సీఈసీ (అమ్మోనియం లాంటి పోషకాలను పట్టి ఉంచే శక్తికి కొలత) 150 ఉంటుంది. అంటే కిలో రాయి, గదులన్నీ నిండినా, 21 గ్రాముల నత్రజని పట్టుకుంటుంది. 20 కిలోలు పట్టేది 420 గ్రాములు, కిలోకు తక్కువే యూరియా. వానాకాలం మొక్కజొన్నకు సిఫార్సు ఎకరాకు 80 కిలోల నత్రజని. ఒక డీఏపీ బస్తాలో 9 కిలోలు పోగా, మిగతా 71 కిలోలకు 45 కిలోల యూరియా బస్తాలు దాదాపు మూడున్నర కావాలి. రాయి పంటకాలంలో పదిసార్లు నిండి ఖాళీ అయిందనుకున్నా అది పట్టి వదిలేది 9 కిలోల యూరియా, సబ్సిడీ ధరలో 55 రూపాయలు కూడా కాదు. బస్తా ఎంతకు కొన్నారో పక్కన రాసుకోండి.

ఇంకోలా చూద్దాం. 60 × 20 సెంటీమీటర్ల దూరంలో ఎకరాకు 33 వేల మొక్కలు. ఒక్కో మొక్క వాటాకు వచ్చేది 0.6 గ్రాము, చిటికెడు కూడా కాదు.

మరి వేసినవాళ్లు బాగుందంటారెందుకు? బస్తాతో పాటు ఇచ్చే సలహా మంచిది కాబట్టి: యూరియాను మూడు దఫాలుగా, దుక్కిలో, 30–35 రోజులకు, 50–55 రోజులకు వేసి మట్టి కప్పమంటారు. పైన చల్లి వదిలేసిన యూరియా అమ్మోనియాగా గాలిలో కలుస్తుంది, నాలుగైదు సెంటీమీటర్ల లోతున పడింది నిలుస్తుంది. ఆదా అయ్యేది అక్కడ, పేరు రాయికి. నిజం తేలాలంటే నాలుగు సాళ్లకు గుళికలు వేసి, పక్క నాలుగు సాళ్లకు మానేయండి. రెండు వైపులా యూరియా ఒకేలా తగ్గించాలి. గుళికలు వేసినచోట మాత్రమే తగ్గించి, మామూలుగా వేసిన పక్క మడితో పోలిస్తే ఏదీ తేలదు.

నేల కూడా చూసుకోవాలి. వరి కోశాక దుక్కి లేకుండా మొక్కజొన్న వేసే గుంటూరు, కృష్ణా నల్లరేగడికి సొంతంగానే పట్టే శక్తి బాగా ఉంటుంది, అక్కడ ఈ ఖర్చు దండగ. తెలంగాణ చల్కల్లో, దుబ్బ నేలల్లో పని ఉంటుంది కానీ క్వింటాళ్ల లెక్కన వేయాలి.

కొనేసి ఉంటే ముందు సరుకు చూడండి. గ్లాసు నీళ్లలో చెంచాడు వేస్తే జియోలైట్ చిన్న బుడగలు వదిలి గరుకుగా అలాగే ఉంటుంది. ఉబ్బి బురదైపోతే అది బెంటొనైట్ మట్టి. నిమ్మరసం చుక్కలకు బాగా పొంగితే సున్నపురాయి కలిసినట్టు. బంకతో చుట్టిన గుళిక కూడా విడిపోతుంది, అందుకని ఉబ్బిందా లేదా అన్నదే చూడాలి. యూరియాలో ముందురోజే కలిపి పెట్టకండి, గడ్డకడుతుంది. వేసే ముందు కలిపి, విత్తనానికి పక్కగా సాలులో పడేయండి.

అదే డబ్బుకు చెరువు మట్టి మేలు. ఎండు లెక్కన రెండు టన్నుల ట్రాక్టర్ లోడు, సీఈసీ 30 అనుకున్నా, పట్టే శక్తిలో 20 బస్తాల జియోలైట్‌కు సమానం. అమ్మోనియంను ఎంచి పట్టే గుణం రాయికే ఎక్కువ, ఒప్పుకోవాలి. కానీ 20 బస్తాలు ఎవరు కొంటారు? కాకపోతే మట్టి పరీక్ష చేయించకుండా చౌడు చెరువు మట్టి తోలుకోవద్దు.

లేత ఆకులు తెల్లబడుతుంటే లోపం నత్రజనిది కాదు, జింకుది, దాన్నే తెల్లమొగ్గ అంటారు. గుళికలు ఎన్ని వేసినా పోదు. దుక్కిలో ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేట్, డీఏపీతో కలపకుండా వేయాలి, కలిస్తే జింకు మొక్కకు అందదు. పైరు మీద కనిపిస్తే లీటరు నీటికి 2 గ్రాములు కలిపి వారం గడువుతో రెండుసార్లు పిచికారీ చేయండి.