టీమ్ ఒత్తిడి కొలవడానికి పోలార్ హెచ్‌10 ఛాతీ బెల్టు: ఎంతవరకు నమ్మొచ్చు?

కంట్రోల్ రూమ్‌లోనో ఐసీయూ నైట్ షిఫ్టులోనో టీమ్ ఒత్తిడి కొలవాలనుకుంటే చాలామందికి ముందు గుర్తొచ్చేది చేతి వాచీలోని స్ట్రెస్ స్కోరు. దాన్ని ఎలా లెక్కకట్టారో కంపెనీలు పూర్తిగా చెప్పవు. పైగా చెయ్యి కదిలితే వాచీ కాంతి సెన్సర్ బీట్లను వదిలేస్తుంది, పనిలో ఉన్నవాళ్ల చేతులేమో కదులుతూనే ఉంటాయి. ఫిన్లాండ్ కంపెనీ పోలార్ చేసే హెచ్‌10 గుండె విద్యుత్ సంకేతాన్నే పట్టుకుంటుంది. బీటుకీ బీటుకీ మధ్య విరామాన్ని సెకనులో 1024వ వంతు లెక్కన బ్లూటూత్‌లో పంపుతుంది. ఈ పనికి మా ఓటు దీనికే.

ఆ విరామాల హెచ్చుతగ్గుల నుంచి వచ్చే కొలత ఆర్‌ఎంఎస్‌ఎస్‌డి. ఒత్తిడి పెరిగినప్పుడు ఇది సాధారణంగా తగ్గుతుంది. అయితే ఒక్క బీటు జారినా లెక్క ఎంత చెడుతుందో చూడండి. నిమిషానికి 75 బీట్లున్న మనిషికి 5 నిమిషాల్లో దాదాపు 375 బీట్లు, ఒక్కో విరామం 800 మిల్లీసెకన్లు. మధ్యలో ఒక్కటి జారితే అక్కడ విరామం 1600 అవుతుంది. అసలు 40 ఉండాల్సిన ఆర్‌ఎంఎస్‌ఎస్‌డి 70 దాటిపోతుంది. అంటే ఒత్తిడిలో ఉన్న మనిషి ఎంతో ప్రశాంతంగా ఉన్నట్టు కనిపిస్తాడు! అందుకే తప్పు బీట్లను సరిదిద్దే కుబియోస్ లాంటి సాఫ్ట్‌వేర్ లేకుండా ఈ బెల్టు కొనొద్దు.

బీట్లు జారడానికి ఎక్కువగా కారణం పొడి చర్మమే, ఏసీ గదుల్లో మరీను. బెల్టు లోపలి ఎలక్ట్రోడ్లను నీళ్లతో బాగా తడిపి, ఛాతీ కండరాల కిందుగా, జారకుండా బిగించాలి. కొబ్బరి నూనె, లోషన్ రాసుకుని ఉంటే ముందు తుడుచుకోవాలి. పని అయ్యాక సెన్సర్‌ను పట్టీ నుంచి ఊడదీయాలి. తడి పట్టీకి అలాగే ఉంచేస్తే అది పనిచేస్తూనే ఉండి సీఆర్2025 బ్యాటరీని తినేస్తుంది. కంపెనీ చెప్పే 400 గంటలు అప్పుడు రావు.

రీడింగ్‌ను షిఫ్టుకు ముందు, తర్వాత తీసుకోండి. కూర్చుని ఒక నిమిషం కుదురుకున్నాక 5 నిమిషాలు, మాట్లాడకుండా. మెట్లెక్కి వచ్చినా, అప్పుడే టీ, సిగరెట్ అయినా అంకె మారుతుంది. "నెమ్మదిగా ఊపిరి తీసుకోండి" అని మాత్రం చెప్పకండి. నిమిషానికి ఆరు ఊపిర్లకు దిగితే గుండె లయలో హెచ్చుతగ్గులు బాగా పెరుగుతాయి, అప్పుడు మీరు కొలిచేది ఊపిరినే. మొదటి రెండు వారాలు ఎవరి మామూలు స్థాయి ఎంతో చూడటానికే వాడండి. ఒకరికి ఆర్‌ఎంఎస్‌ఎస్‌డి 25 మామూలు, ఇంకొకరికి 60. వాళ్లిద్దరినీ పోల్చడం శుద్ధ తప్పు.

భయం, ఉత్సాహం, శారీరక శ్రమ... ఇవేవీ బెల్టుకు విడివిడిగా తెలియవు. అందుకే పక్కన నాసా-టీఎల్‌ఎక్స్ కాగితం ఉండాలి. పనిభారం ఎంత అనిపించిందో అడిగే 1988 నాటి ఈ ప్రశ్నావళిలో ఆరు అంశాలుంటాయి: మానసిక భారం, శారీరక భారం, సమయం ఒత్తిడి, పని ఎలా జరిగింది, పడ్డ కష్టం, చిరాకు. ఒక్కోదానికి 0 నుంచి 100. ఆరింటి సగటు తీసుకుంటే చాలు, ఒక మనిషికి రెండు నిమిషాల పని. ఒక్క చోటే చాలామంది బోల్తా పడతారు: పని ఎలా జరిగిందో గుర్తు పెట్టే గీతలో ఎడమ చివర "బాగా చేశాను", కుడి చివర "విఫలమయ్యాను". ముందే చెప్పకపోతే తిరగేసి నింపేస్తారు.

ఈ రెండింటి పక్కన అదే షిఫ్టులో జరిగిన తప్పులు, స్పందించడానికి పట్టిన సమయం రాయండి. టీమ్ మొత్తానికి ఒకే సగటు తీస్తే కుంగిపోతున్న ఒక్క మనిషి అందులో మాయమైపోతాడు, కాబట్టి ఎవరి గీత వాళ్లకే గీయాలి. ఆ గీతలు పేర్లతో మేనేజర్ చేతికి వెళ్లకూడదు. జీతం పెంపుకీ దీనికీ ముడిపెడితే మర్నాటి నుంచి ఎవరూ నిజం రాయరు.

ఖర్చు విషయానికొస్తే, మనిషికో సెన్సర్ అక్కర్లేదు. పట్టీ మాత్రం ఎవరిది వాళ్లకుండాలి, వాడిన ప్రతిసారీ కడగాలి. సెన్సర్‌ను ఒకరి తర్వాత ఒకరికి మార్చుకోవచ్చు. అప్పుడు ఫోనులో అందరికీ ఒకే సెన్సర్ నంబరు కనిపిస్తుంది కాబట్టి ప్రతి రీడింగ్‌కూ మనిషి కోడ్, టైము అక్కడికక్కడే రాసుకోండి.