కొన్నీ ఫ్రోబోస్ 45 రికార్డు: పాట బంగారం, కాపీని చూసి కొనండి

1951లో చిన్నపిల్లగా పాడి జర్మనీని ఊపేసిన కొన్నీ, 1962 యూరోవిజన్ పాటల పోటీలో ‘త్స్వై క్లైనె ఇటాలియేనర్’తో ఆరో స్థానంలో నిలిచింది. నేపుల్స్ మీద బెంగపెట్టుకున్న ఇద్దరు ఇటలీ కూలీల పాట అది. హుషారైన బాణీ కింద దిగులు దాచింది. తర్వాత కొన్నీ నాటకరంగానికి వెళ్లిపోయింది, పాటకు అదే నష్టం.

ఇక ఎలక్ట్రోలా కంపెనీ సింగిల్ సంగతి, అంటే నిమిషానికి 45 చుట్లు తిరిగే ఆ చిన్న రికార్డు. మధ్య రంధ్రం 38 మిల్లీమీటర్లుంటే అడాప్టర్ (రంధ్రంలో బిగించే బిళ్ల) తప్పనిసరి. అది వదులైతే రికార్డు పక్కకు జరిగి శ్రుతి ఊగుతుంది. ఆనాటి బరువు పికప్‌లు (సూది ఉండే భాగాలు) గాడిని అరగదీస్తాయి కనుక చివర్లో ‘స’కారాలు చిరచిరలాడితే కొనకండి, ఎంత కడిగినా పోదు. దుమ్ము చిటపటలైతే కడిగితే చాలావరకు తగ్గుతాయి. మోనో స్విచ్ (రెండు స్పీకర్లలోనూ ఒకే ధ్వని వినిపించే మీట) ఉంటే వేయండి, గొంతు తేటపడుతుంది.