చిన్న ఫ్యాక్టరీకి లీన్ స్కీమ్ పనికొస్తుందా?

2023 మార్చిలో కేంద్రం చిన్న పరిశ్రమల కోసం ఎంఎస్ఎంఈ కాంపిటీటివ్ లీన్ స్కీమ్‌ను కొత్త రూపంలో మళ్లీ తెచ్చింది. లీన్ అంటే ఫ్యాక్టరీలో వృథాను తగ్గించే పద్ధతి. చిన్న పరిశ్రమగా ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న తయారీ యూనిట్ లీన్ పాటిస్తామని ఆన్‌లైన్‌లో ప్రతిజ్ఞ చేసి చేరొచ్చు. బేసిక్, ఇంటర్మీడియట్, అడ్వాన్స్‌డ్ అని మూడు మెట్లు. బేసిక్‌కు ఫీజు లేదు. పై రెండింటికి కన్సల్టెంట్ ఖర్చులో 90 శాతం ప్రభుత్వానిదే, మహిళల, ఎస్సీ, ఎస్టీల యూనిట్లకు మరో 5 శాతం కలుస్తుంది. ఖర్చు విషయంలో వంక పెట్టడానికేం లేదు. చూసుకోవాల్సిందల్లా మీ యూనిట్ జబ్బుకు లీనే మందా అన్నది.

టైం వృథా అవుతుంటే మందు ఇదే. ప్రెస్ షాపునే తీసుకోండి. డై (రేకును ఆకారంలోకి కొట్టే అచ్చు) మార్చడానికి గంటన్నర పడుతోందంటే బోల్టులు బిగించేది అందులో కొంతే. మిగతాదంతా డై వెతకడం, స్పానర్ ఎవరి దగ్గరుందో అడగడం, హాయిస్ట్ ఖాళీ అయ్యేదాకా ఆగడం, షట్ హైట్ (ప్రెస్ పూర్తిగా కిందికి దిగినప్పుడు మిగిలే ఎత్తు) సరిచేసి మొదటి పీస్‌కు క్యూసీ, అంటే క్వాలిటీ చూసేవాళ్లు, ఓకే చెప్పేదాకా నిలబడటం. ఒక మార్పు మొత్తం ఫోన్‌లో వీడియో తీయండి. ఒక్కో పనికి ఎన్ని నిమిషాలో పక్కన రాయండి. ప్రెస్ నడుస్తుండగానే చేయగలిగినవి విడదీయండి: తర్వాతి డై, క్లాంపులు, టీ-బోల్టులు ముందే ట్రాలీలో పెట్టుకోవడం లాంటివి. ఆపైన డైలన్నిటి కింద ప్లేట్లు వేసి ఎత్తు ఒకటే చేస్తే షట్ హైట్ గొడవ చాలావరకు పోతుంది. జపాన్ ఇంజనీరు షిగెయో షింగో చెప్పిన ఈ పద్ధతి లక్ష్యం 10 నిమిషాల లోపు. అంత రాకపోయినా, గంటన్నర సగమైనా లాభమే.

షాపును సర్ది శుభ్రంగా ఉంచే 5ఎస్ పద్ధతి మాత్రం చాలా చోట్ల నేల మీది పసుపు గీతల దగ్గరే ఆగిపోతుంది. పనికిరానివి తీసేయడం మొదటి మెట్టు. పదేళ్ల కిందటి డైని ఓనరే కదలనివ్వరు! పనికిరాదని రెడ్ ట్యాగ్ కట్టిన వస్తువు ఎవరి నిర్ణయంతో, ఏ తారీఖులోపు బయటికి వెళ్లాలో ట్యాగ్ మీదే రాయకపోతే అది అక్కడే ఉంటుంది.

రిజెక్షన్లే మీ బాధైతే సంగతి వేరు. సైజు ఎందుకు మారుతోందో పట్టుకోవడానికి కొలతల లెక్కలతో తేడాలకు కారణం వెతికే సిక్స్ సిగ్మా పద్ధతి కావాలి, దానికి నమ్మదగిన కొలతలు కావాలి. ముందు గేజ్ ఆర్ అండ్ ఆర్, అంటే కొలతే నమ్మదగినదా అన్న పరీక్ష, చేయండి: 10 పీసులు, ముగ్గురు ఆపరేటర్లు, ఒక్కొక్కరూ ప్రతి పీస్‌నూ 3 సార్లు కొలవాలి. కొలతలోని తేడా టాలరెన్స్‌లో (సైజులో ఒప్పుకునే తేడాలో) 30 శాతం దాటితే మెషీన్‌ను తిట్టి లాభం లేదు, మైక్రోమీటర్‌నో కొలిచే తీరునో సరిచేయాలి. బేసిక్‌లోని ఆన్‌లైన్ పాఠాలతో అయ్యే పని కాదిది.

సరుకంతా హీట్ ట్రీట్‌మెంట్ ఫర్నేస్ ముందే పేరుకుంటుంటే, దానికి ముందు స్టేజిలోని ప్రెస్‌ను వేగం చేయడం వల్ల ఆ కుప్ప ఇంకా పెరుగుతుందే తప్ప డిస్పాచ్ పెరగదు. అప్పుడు ఫర్నేస్ ఖాళీగా ఉండే గంటలు లెక్కేయాలి, లోడింగ్ వరస మార్చాలి, పాడైన పీసులు దానిలోకి వెళ్లకుండా ముందే తనిఖీ పెట్టాలి.

బేసిక్‌కు 5 మార్కుల్లో 4 ఇవ్వొచ్చు. ఇంటర్మీడియట్‌కు డబ్బు కట్టేముందు నెల రోజుల మెషీన్ స్టాపేజ్ రిజిస్టర్, కారణాలతో రిజెక్షన్ షీటు, ప్రతి స్టేజి ముందు సాయంత్రం లెక్కపెట్టిన పీసుల సంఖ్య, ఈ మూడూ దగ్గర పెట్టుకోండి. కన్సల్టెంట్ అవి అడక్కుండా నేరుగా బోర్డులు, పెయింట్ కొటేషన్ దగ్గరికి వెళ్తే ఇంకొకరిని చూసుకోండి.