తమ్ముడి పరువు నష్టం కేసు చూస్తున్న లాయర్ గారి గురించి

ఉగ్రవాదని అనుమానించి మా తమ్ముణ్ణి పట్టుకెళ్లారు, చివరికి ఏ ఆధారమూ లేదని వదిలేశారు. కానీ పేపర్లో వాడి ఫోటో కింద వేసిన మాట అలాగే ఉండిపోయింది. ఆ టెన్షన్‌లో ఈ లాయర్ గారి దగ్గరికెళ్లాం. మొదటి రోజే ఆవిడ కటింగులన్నీ టేబుల్ మీద పరిచి, 'అనుమానితుడు' అని ఉన్నవి ఒక పక్కకీ 'ఉగ్రవాది' అని తేల్చి రాసినవి ఇంకో పక్కకీ పెట్టి, పోలీసులు చెప్పింది చెప్పినట్టు రాస్తే గెలవడం కష్టం, ఈ రెండో కట్టే మన బలం అన్నారు. భారత్‌లోనైనా బ్రిటన్‌లోనైనా పరువు నష్టం దావాకి గడువు ఒక్క ఏడాదే, మేమేమో అప్పటికే ఎనిమిది నెలలు ఏడుస్తూ కూర్చున్నాం! అక్రమ నిర్బంధానికి పరిహారం అడగడం వేరే దావా అని కూడా ఓపిగ్గా విడమర్చి చెప్పారు. 2007లో ఆస్ట్రేలియాలో ఇలాగే ఉగ్రవాద అనుమానంతో అరెస్టయిన భారతీయుడు డాక్టర్ మహమ్మద్ హనీఫ్‌కి 2010లో అక్కడి ప్రభుత్వం పరిహారం ఇచ్చిందని చెప్తే, తమ్ముడు చాలా రోజులకి తలెత్తి చూశాడు.

ఫోన్ మాత్రం ఎత్తరు, జూనియర్‌తోనే మాట్లాడాలి, అదొక్కటే ఇబ్బంది. ఒక పత్రిక క్షమాపణ వేసింది, మిగతావి నడుస్తున్నాయి. వెళ్లేవాళ్లు విడుదల కాగితం, తేదీలతో సహా కటింగులు పట్టుకెళ్లండి.