పాట బాగా వచ్చింది: పేరు ప్రొడ్యూసర్‌కా, మిక్సింగ్ ఇంజినీర్‌కా?

పాట వినగానే "మిక్సింగ్ అదిరింది" అంటాం. విడివిడిగా రికార్డైన ట్రాకుల్ని సరిచేసి ఒక్కటిగా కలపడం మిక్సింగ్. చాలాసార్లు మనకు నచ్చింది అరేంజ్‌మెంట్, అంటే ఏ వాయిద్యం ఎక్కడ ఏం వాయించాలన్న అమరిక. ఆ మెప్పు ప్రొడ్యూసర్‌కి చెందాలి. ఇక్కడ ప్రొడ్యూసరంటే సినిమా నిర్మాత కాదు, పాట రికార్డింగ్‌ని దగ్గరుండి నడిపించే మనిషి.

కిక్ డ్రమ్మూ బాస్ గిటారూ 60-80 హెర్ట్జ్ దగ్గర ఒకదాన్నొకటి కమ్మేస్తున్నాయనుకోండి. కింది స్వరాలన్నీ ముద్దగా వినిపిస్తాయి. మిక్సింగ్ ఇంజినీరైతే బాస్‌లో ఆ చోట ఓ 3 డెసిబెల్స్ తగ్గించి, కిక్ పడినప్పుడల్లా బాస్ శబ్దం దానంతటదే కాస్త తగ్గేలా సైడ్‌చెయిన్ కంప్రెసర్ పెడతారు. ప్రొడ్యూసరైతే రికార్డింగ్‌లోనే బాస్‌ని ఒక ఆక్టేవ్ (ఒక స్థాయి) పైన వాయించమంటారు, లేదా కిక్ పడేచోట ఆ నోట్ వదిలేయమంటారు. మొదటిది సర్దుబాటు. రెండోది పాట రూపాన్నే మారుస్తుంది, నా లెక్కలో దానికే ఎక్కువ విలువ.

తేల్చుకోవడానికి ఒక దారి ఉంది. మిక్స్‌లో వేసిన ప్లగిన్లన్నీ (శబ్దాన్ని మార్చే సాఫ్ట్‌వేర్లు) ఆపేసి, ట్రాకుల వాల్యూమ్ మీటలైన ఫేడర్లన్నీ 0 డెసిబెల్ గుర్తు దగ్గర, అంటే పెంచకుండా తగ్గించకుండా, పెట్టి వినండి. అప్పటికీ పాట పట్టు నిలిచిందంటే ఆ ఘనత ప్రొడ్యూసర్‌దీ వాయించినవాళ్ళదీ రికార్డింగ్ ఇంజినీర్‌దీ. గొంతు వెనక్కిపోయి, గిటార్లు ఒకదాని మీద ఒకటి పడి, కోరస్‌లో ఊపు పోయిందంటే ఆ కూర్పంతా మిక్సింగ్‌దే.

ఎలక్ట్రానిక్ సంగీతంలో ఈ పరీక్ష పనిచేయదు. అక్కడ డిలే, డిస్టార్షన్, ఫిల్టర్ కదలికల్లాంటి ఎఫెక్ట్‌లే పాట. ప్రొడ్యూసర్ ఎఫెక్ట్‌లన్నీ ముందే కలిపేసిన ట్రాకులు పంపి, ఇంజినీర్ ఒకటి రెండు డెసిబెల్స్ అటూ ఇటూ జరిపితే మిక్సింగ్ కింద ఇద్దరి పేర్లూ వేయాలి. అదే ఇంజినీర్ సగం గిటార్లు తీసేసి, రెండో చరణంలో డ్రమ్స్ ఆపి, కొత్త సింథ్ వాయించి చేరిస్తే 'అడిషనల్ ప్రొడక్షన్' అని తన పేరు అడిగి మరీ వేయించుకోవాలి. స్నేర్ డ్రమ్ కింద ఒక శాంపిల్ (ముందే రికార్డైన శబ్దం) కలిపినంత మాత్రాన ఆ గుర్తింపు రాదు.

అమెరికన్ రికార్డింగ్ ఇంజినీర్ స్టీవ్ అల్బినీ తనను ప్రొడ్యూసర్ అనొద్దనేవారు. 'రికార్డెడ్ బై' చాలన్నారు, రాయల్టీ వద్దని పనికి ఫీజు మాత్రమే తీసుకున్నారు. 1993లో ఆయన రికార్డ్ చేసిన నిర్వాణా అనే రాక్ బ్యాండ్ ఆల్బమ్‌లో రెండు పాటల్ని స్కాట్ లిట్ అనే మరో ప్రొడ్యూసర్ మళ్ళీ మిక్స్ చేశారు. అందుకే పేర్లు ఆల్బమ్ మొత్తానికి ఒకటే రాయకుండా పాటపాటకీ విడిగా రాయాలి.

సాధారణంగా ప్రొడ్యూసర్‌కి రాయల్టీలో వాటా ఉంటుంది, మిక్సింగ్‌కి పాటకింతని ఫీజు. కాబట్టి మర్యాద కోసం 'ప్రొడ్యూసర్' అని రాసేస్తే రేపు డబ్బు దగ్గర తగాదా వస్తుంది.

ఎక్కువ అన్యాయం జరిగేది మాత్రం విడుదల ముందురోజు గుర్తున్న పేర్లు రాసినప్పుడే. ఎనిమిది టేకుల్లోంచి మంచి ముక్కలు ఏరి గొంతు ట్రాక్ కుట్టిన అసిస్టెంట్‌ని అప్పుడే మర్చిపోతారు. ప్రతి రికార్డింగ్‌కీ ఇచ్చే ఐఎస్‌ఆర్‌సీ కోడ్ (అక్షరాలూ అంకెలూ కలిపి 12) ఆ రికార్డింగ్‌ని గుర్తిస్తుందే గానీ అందులో ఎవరి పేరూ ఉండదు. మిక్సింగ్ మొదలుకాకముందే పాటకో వరుస చొప్పున పట్టిక వేసి పని, పేరు, స్పెల్లింగ్ రాసి అందరిచేతా ఒప్పించుకోండి. పాటను విడుదల చేసిపెట్టే డిస్ట్రిబ్యూటర్ ఫారంలో పేర్లు ఆ పట్టికలోంచే ఎక్కించాలి.