గూగుల్: టెక్ కంపెనీయా, ప్రకటనల కంపెనీయా?

డబ్బు లెక్కన ప్రకటనల కంపెనీయే. 2023లో మాతృసంస్థ ఆల్ఫాబెట్ ఆదాయం సుమారు 30,700 కోట్ల డాలర్లు. అందులో ముప్పాతిక వంతుకు పైగా ప్రకటనలదే.

పని లెక్కన టెక్ కంపెనీయే. నేటి ఏఐ చాట్‌బాట్లకు మూలమైన ‘ట్రాన్స్‌ఫార్మర్’ అనే ఏఐ పద్ధతిని 2017లో ప్రపంచం ముందు పెట్టింది అక్కడి పరిశోధకులే. మా అమ్మ మైక్ నొక్కి ‘గోంగూర పచ్చడి ఎలా చేయాలి’ అంటే, ఆ మాట తెలుగు అక్షరాలై తెరమీద పడుతుంది. ఏ ప్రకటనల ఏజెన్సీకి చేతనవుతుంది ఈ పని?

ఖర్చు: టెక్ సరుకుకి డబ్బు కడతాం. ప్రకటనల సరుకుకి పైసా కట్టం, మనం ఏం వెతికామో అప్పజెప్తాం.

రిస్క్: నాకు అసలు బెంగ ఇక్కడే. ప్రకటనలతో బతికే సెర్చ్ ఇంజిన్ ప్రకటనదారుల వైపు మొగ్గుతుందని 1998లో వ్యవస్థాపకులు బ్రిన్, పేజ్ తామే రాశారు. 2000లో ప్రకటనలు అమ్మడం మొదలుపెట్టారు.

ఉద్యోగం వెతికే ఇంజినీరు దాన్ని టెక్ కంపెనీగా చూడొచ్చు. షేర్లు కొనేవారు ప్రకటనల కంపెనీగానే చూడాలి, వ్యాపారాలు మందగిస్తే ముందు కోత పడేది ప్రకటనల బడ్జెట్‌కే. పిల్లల చేతికి ఫోన్ ఇచ్చే తల్లిదండ్రులైతే ఇంకా గట్టిగా అలాగే చూడాలి.