వీడియో ఎడిటింగ్‌కి ల్యాప్‌టాపా, డెస్క్‌టాపా?

ఒకేచోట కూర్చుని ఎడిట్ చేసేవాళ్లయితే డెస్క్‌టాపే తీసుకోండి. అదే డబ్బుకి ఎక్కువ పని చేస్తుంది.

పేరు చూసి మోసపోవద్దు. ఆర్‌టీఎక్స్ 4090 అనే గ్రాఫిక్స్ కార్డుకి డెస్క్‌టాప్‌లో 24 జీబీ వీడియో మెమరీ ఉంటే, అదే పేరుతో ల్యాప్‌టాప్‌లో వచ్చేదానికి 16 జీబీయే. కరెంటు కూడా అక్కడ 450 వాట్ల దాకా తీసుకుంటే, ఇక్కడ 175 దాటదు. పైగా సన్నటి బాడీలో వేడి పోయే దారి తక్కువ. గంటసేపు సాగే ఎక్స్‌పోర్ట్‌లో మొదటి పది నిమిషాలు పరుగెత్తిన ప్రాసెసర్, వేడెక్కాక తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ఫ్యాన్ల హోరులో ఆడియో సరిచూసుకోవడమూ కష్టమే.

డెస్క్‌టాప్‌లో ర్యామ్ చాలకపోతే ఇంకో స్టిక్ పెట్టుకోవచ్చు. చాలా ల్యాప్‌టాప్‌లలో అది బోర్డుకే అతికించి ఉంటుంది, కాబట్టి కొనేటప్పుడే 32 జీబీ తీసుకోవడం మేలు.

షూటింగ్ స్పాట్‌లోనే ఫుటేజ్ చూసి, రఫ్ కట్ చేసి ఇవ్వాల్సినవాళ్లకి మాత్రం ల్యాప్‌టాప్ తప్పదు. అలాంటివాళ్లకి మ్యాక్‌బుక్ ప్రో నా మొదటి ఎంపిక: ఛార్జర్ తీసేసినా వేగం పెద్దగా పడిపోదు. చాలా విండోస్ ల్యాప్‌టాప్‌లు బ్యాటరీ మీద బాగా నెమ్మదిస్తాయి. 4కే ఫుటేజ్ మొరాయిస్తే ప్రాక్సీలు, అంటే తక్కువ రిజల్యూషన్‌లో తేలికపాటి కాపీలు, చేసుకుని ఎడిట్ చేయండి.